ఐదో ఆకు

ఆఫీసు, ఏడో అంతస్తు
జనవరి 9

అక్కా,

ఫోను చేస్తే నేను రెండు ముక్కలు చెప్పేలోపు నువ్వు ఇరవై చీవాట్లు పెడతావు. పోనీ పగలు చేద్దామంటే నీ బేస్‌మెంట్‌లో సిగ్నల్ ఉండదు. ఉత్తరమైతే నా మాట మధ్యలో తుంచడం నీ తరం కాదు. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కాగితం ముందు కూర్చున్నాను. దస్తూరీ బాగోలేదని మాత్రం అనకు, అక్షరాలు దిద్దించింది నువ్వే.

అసలు సంగతి చెప్తాను. మీ జంతుశాస్త్ర భవనం ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. దాన్ని పడగొట్టి ఆ స్థలంలో నిలువెల్లా అద్దాలతో కొత్తది కట్టాలని మీ యూనివర్సిటీ వాళ్ళు అనుకున్నారు. పాలకమండలిలో ఒకాయన అడ్డుపడి, రాతిగోడలు ఇంకా గట్టిగానే ఉన్నాయి, బాగుచేసుకుని వాడుకుందాం అన్నాడట. మిగతావాళ్ళు సరేనని ఒక షరతు పెట్టారు. బాగుచేశాక దానికి పర్యావరణ రేటింగులో ఐదు ఆకులూ వస్తాయని ముందే తేలాలి. నాలుగే అంటే కూల్చేయడమే.

ఆకులంటే నవ్వకు. కరెంటు ఎంత తక్కువ తాగుతుంది, పాత గోడలు ఎన్ని నిలబెట్టారు, లోపల కూర్చునేవాళ్ళకి గాలీ వెలుతురూ ఎలా అందుతున్నాయి, వీటన్నిటికీ పాయింట్లుంటాయి. పాయింట్లను బట్టి ఆకులు. లెక్క కట్టి ఫైలు తయారుచేయడం మా పని, ఆకులు ఇచ్చేది రేటింగ్ మండలి.

నాకు కావలసింది ఒక్కటే. ఏ గదిలో ఎవరు, ఎంతసేపు కూర్చుంటారో రాసి పంపు. మీ ఎస్టేట్ ఆఫీసు పంపిన జాబితాలో ప్రతి గదికీ ఎనిమిది మంది, ఎనిమిది గంటలు అని ఉంది. మెట్ల కింద చీపుళ్ళ గదిక్కూడా ఎనిమిది మందే. నీకంటే నిజం చెప్పేవాళ్ళు ఆ భవనంలో ఎవరూ లేరని నాకు తెలుసు. పదో తరగతి లెక్కలన్నీ నీ పక్కన స్టూలు మీద కూర్చుని చేసినవాణ్ణి. ఎదురుగా సీసాలో కొండచిలువ ఉండేది. లెక్క తప్పితే అది నన్ను చూసి నవ్వుతోందనుకునేవాణ్ణి.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


జంతుశాస్త్ర భవనం, సీసాల గది
జనవరి 20

ఒరేయ్ తమ్ముడూ,

నాకంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాడివి, ఐదో ఆకు కోసం మళ్ళీ అక్క దగ్గరికే వచ్చావన్నమాట. కొండచిలువ ఇంకా ఉంది. నీ లెక్కలు తలుచుకుని ఇంకా నవ్వుతూనే ఉంది.

ఈ కాగితాలు సీసాలకి లేబుళ్ళు రాసే ప్యాడులోవి, అరచేయంత ఉంటాయి. పేజీలకి అంకెలు వేస్తున్నాను, కలగాపులగం చెయ్యకు.

పై అంతస్తులో హెడ్డుగారి గది. జాబితాలో ఎనిమిది గంటలు అని ఉంటే అది అబద్ధం కాదు. కుర్చీకి తగిలించిన ఆయన కోటు ఎనిమిది గంటలూ ఉంటుంది. మనిషి అరగంట ఉంటాడు. పక్కన స్టాఫ్ రూము. అక్కడ ముగ్గురు లెక్చరర్లు, ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. ఒకరు లోపలికొస్తే ఉన్నవాళ్ళు బయటికి పోతారు కాబట్టి ఎప్పుడు లెక్కపెట్టినా ఒక్కరే. పెద్ద ల్యాబులో పొద్దున నలభై మంది పిల్లలు, మధ్యాహ్నం నుంచి పావురాలు. లైబ్రరీలో ఒక రీసెర్చి విద్యార్థి పుస్తకం మీద తల పెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంటాడు, నిద్రపోయేవాణ్ణి కూడా లెక్కలోకి తీసుకుంటారేమో నువ్వే చూసుకో. కింద సీసాల గదిలో ఎవరూ ఉండరు, నేనే. తొమ్మిదిన్నర నుంచి ఐదున్నర దాకా. పరీక్షలప్పుడు ఇంకో గంట.

ఇన్నాళ్ళూ ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడొకటి అడుగుతాను. నా గదికి పైకప్పు కింద నాలుగు వెంటిలేటర్లున్నాయి కదా, బయట నేలకి ఆనుకుని. వాటిలోంచి నాకు మనుషుల పాదాలు తప్ప ఏమీ కనిపించవు. చెప్పుల్ని బట్టి ఎవరు పోతున్నారో చెప్పగలను. హెడ్డుగారి బూట్లు పదకొండున్నరకి వస్తాయి, పన్నెండుకి పోతాయి. ఆ వెంటిలేటర్లు వేడుక కోసం ఉన్నవి కావు. సీసాల్లో జంతువులు కుళ్ళకుండా పోసే ఫార్మలిన్ ఎంత మూత బిగించినా ఆవిరవుతూనే ఉంటుంది. నెలకోసారి మూతలు తీసి, తగ్గినంత మళ్ళీ నింపుతాను. ఆ ఘాటు అటు నుంచి బయటికి పోతుంది కాబట్టే ఇరవై ఆరేళ్ళుగా నా కళ్ళు కళ్ళలా ఉన్నాయి. మీరు ఏం మార్చినా మార్చండి, ఆ వెంటిలేటర్లు మాత్రం ముట్టుకోకండి.

మీ బావ నీ ప్యాంటు కొలతలు పంపమంటున్నాడు. పొట్ట పెరిగిందని మరదలు చెప్పిందట. కుట్టేవాడి దగ్గర దాచడం దేనికి?

అక్క


ఆఫీసు
మార్చి 28

అక్కా,

కొట్టేశాం! డిజైనుకి రేటింగ్ మండలి ఆమోదం వచ్చింది. ఫైలులో ఉన్నది ఉన్నట్టు చేస్తే ఐదు ఆకులూ ఖాయం. పాలకమండలి కూల్చివేత కాగితాలు చింపేసింది. ఈ చుట్టుపక్కల ఏ యూనివర్సిటీలోనూ బాగుచేసిన పాత భవనానికి ఐదు రాలేదు. మా డైరెక్టరుగారు నన్ను పిలిచి కుర్చీలో కూర్చోమన్నారు. పదకొండేళ్ళుగా ఆయన ముందు నిలబడే మాట్లాడాను.

నీ ఉత్తరం ఎంత పనికొచ్చిందో నీకు తెలీదు.

వచ్చే నెల పని మొదలవుతుంది. నాలుగైదు నెలలు సీసాలతో పాటు నిన్ను సైకిల్ షెడ్డు పక్కన రేకుల గదిలోకి మారుస్తారు. కాస్త ఓర్చుకో. నీ గది నీకే ఉంటుంది. మిగతావన్నీ నేను చూసుకుంటున్నాను.

కొలతలు పంపను. బావకి నా పొట్ట మీద నమ్మకం ఉండాలి.

తమ్ముడు


జంతుశాస్త్ర భవనం, సీసాల గది
సెప్టెంబరు 3

తమ్ముడూ,

గృహప్రవేశం అయింది. పైనంతా చూశాను. మెట్ల రాళ్ళు తోమితే ఇంత అందంగా ఉంటాయని నాకే తెలీదు. ల్యాబులో ఎండ పడకుండా వెలుతురు పడుతోంది, అది మీ గొప్పే. ఉన్నమాట చెప్పాలి కదా, పిల్లలు సంతోషంగా ఉన్నారు. స్టాఫ్ రూములో గాలి ఎంత బాగుందంటే ముగ్గురూ ఒకేసారి కూర్చుంటున్నారు.

ఇక నా గది. ఇల్లలకగానే పండగ కాదంటారు కదా. నువ్వు రమ్మన్నా రావు కాబట్టి చెప్తాను, విను.

మొదటిది, లైటు. స్విచ్చి లేదు. మనిషి కదిలితే వెలుగుతుందట, కదలకపోతే పది నిమిషాలకి ఆరిపోతుందట. నా పని ఏమిటి? కదలకుండా కూర్చుని, చీమ తలకాయంత అక్షరాలతో లేబుళ్ళు రాయడం. సరిగ్గా తోకో, మొప్పో రాసేటప్పుడు చీకటి. పెన్ను పట్టుకున్న చెయ్యి కదిలితే దానికి చాలదు. లేచి, బస్సెక్కినవాళ్ళకి చెప్పినట్టు రెండు చేతులూ ఊపాలి. ఈ నెల రోజుల్లో నేను కొండచిలువకి ఎన్నిసార్లు టాటా చెప్పానో లెక్కలేదు.

రెండోది నవ్వులాట కాదు. వెంటిలేటర్లు మూసేశారు. నాలుగూ. అద్దం పెట్టి, చుట్టూ నురుగులాంటిది కొట్టి బిగించారు. దాని మీద చెయ్యి పెడితే గాలి పోగు కూడా తగలదు. వాటి బదులు పైన గదుల్లో పెట్టినట్టు గాలి గొట్టం ఏదైనా పెట్టారేమోనని నిచ్చెన వేసుకుని గోడలన్నీ తడిమాను. ఏమీ లేదు. కొత్త తలుపు కింద కూడా రబ్బరు పట్టీ. నేను తలుపు వేసుకుంటే నేనూ ఒక సీసాలో ఉన్నట్టే.

గుమస్తా ఏదో మర్చిపోయి ఉంటాడని నా అనుమానం. నువ్వు ఒక్క మాట చెబితే సరిపోతుంది. నువ్వు చూసుకుంటానన్నావు కదా.

అక్క


ఆఫీసు
సెప్టెంబరు 22

అక్కా,

ఉత్తరం ఆలస్యమైంది, క్షమించు. తుది పరిశీలనలో తలమునకలుగా ఉన్నాను.

లైటు సంగతి చిన్నదే. సెన్సర్ సమయం పదికి బదులు ఇరవై నిమిషాలు పెట్టమని మీ ఎస్టేట్ ఇంజినీరుకి రాశాను. గాలి సంగతి కొంచెం క్లిష్టం. భవనం మొత్తం ఎక్కడా గాలి కారకుండా బిగించాం, కరెంటు ఆదా అంతా అందులోనే ఉంది. ఒక్కచోట తెరిస్తే మొత్తం లెక్క మారుతుంది. మండలి వాళ్ళు వచ్చి కొలిచేదాకా ఎక్కడా మేకు కూడా కొట్టకూడదు. అయిపోయాక చూద్దాం.

అంతదాకా తలుపు కాస్త తెరిచి పెట్టుకో. సీసాలు నెలకోసారి కాకుండా రెండు నెలలకోసారి నింపితే ఏమవుతుంది? అవెలాగూ చచ్చినవే కదా. నవ్వు కోసం అన్నాను.

ఇంజినీరు దగ్గరికి నువ్వు మాత్రం వెళ్ళకు. అతను ముక్కోపి, ఉన్నది కాస్తా పెద్దది చేస్తాడు. ఏదున్నా నాకు రాయి.

తమ్ముడు


ఇంట్లో
అక్టోబరు 19

తమ్ముడూ,

ఇది ఇంటి నుంచి రాస్తున్నాను, నాలుగు రోజుల నుంచి సెలవులో ఉన్నాను. నీకు చెప్పనిది ఒకటుంది. నీ పనికి అడ్డు రాకూడదని చెప్పలేదు. ఆగస్టు ఆఖరు నుంచి నాకు దగ్గు. మొదట్లో గది దాటితే తగ్గేది, తర్వాత ఇంటికొచ్చినా తగ్గలేదు. మీ బావ మిషను తొక్కుతూ, నీ దగ్గు వినబడి కుట్టు వంకర పోతోందని వేళాకోళం ఆడేవాడు. పోయిన వారం మెట్ల మీద ఊపిరాడక కూర్చుండిపోయాను. అప్పటి నుంచి వేళాకోళం మానేశాడు.

డాక్టరు ఒక గొట్టంలో ఊదమన్నాడు. నూరు రావలసిన చోట అరవై రెండు వచ్చింది. నాకూ పాయింట్లు వేశారురా, చూశావా? ఊపిరి గొట్టాలు వాచాయన్నాడు. మీరు పనిచేసే గదిలో గాలి ఎలా వస్తుందో కనుక్కుని రమ్మన్నాడు.

అందుకని నువ్వు వెళ్ళొద్దన్న ఇంజినీరు దగ్గరికి వెళ్ళాను. ముక్కోపి అన్నావు. చాలా నెమ్మదస్తుడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.

"ఆ గదిలో మనిషే లేనప్పుడు గాలి ఎవరికి పెడతామమ్మా?" అన్నాడు.

"నేనున్నాను కదండీ, మీ ఎదురుగా."

"మీరున్నారమ్మా. కాగితంలో లేరు. అది స్టోరు. స్టోరుకి గాలి అక్కర్లేదు."

ఎవరు రాశారు అలా అని అడిగాను. "మీరే రాసిచ్చారు కదమ్మా," అని ఫైలు తెరిచి నా ముందు పెట్టాడు.

అది నా దస్తూరీ. నా లేబుల్ కాగితం. మూడో పేజీ. హెడ్డుగారి కోటు లేదు, స్టాఫ్ రూము లేదు. నిద్రపోయే రీసెర్చి విద్యార్థి దగ్గర మొదలై, ఆఖరి వరసలో "కింద సీసాల గదిలో ఎవరూ ఉండరు" అనే దాకా ఉంది. దాని కింద ఎర్ర సిరాతో గీత. పైన టైపు చేసిన చీటీ: "గది తాళంచెవి గల ఉద్యోగి రాతపూర్వక వాంగ్మూలం."

"నేనే" అన్నది నాలుగో పేజీలో మొదటి మాట. అది ఫైలులో లేదు. వెనకా ముందూ తిప్పి చూశాను.

నేనెలా మాట్లాడతానో నీకు తెలీదా? తలుపు కొట్టి "లోపలెవరు" అంటే "ఎవరూ లేరు, నేనే" అంటాం. "ఇంట్లో ఎవరున్నారమ్మా" అంటే "ఎవరూ లేరు, నేనూ తమ్ముడూ" అనే పెరిగాం మనం. దానర్థం ఇల్లు ఖాళీ అనా?

పేజీ మర్చిపోయానని మాత్రం రాయకు. అంకెలు వేసి పంపాను.

అక్క


ఇల్లు
నవంబరు 1

అక్కా,

మూడుసార్లు రాసి చింపేశాను. ఇది నాలుగోది.

మర్చిపోలేదు. నాలుగో పేజీ నా డ్రాయర్లో ఉంది. పారేయలేదు, అదొక్కటే నేను చెప్పుకోగలిగింది.

జరిగింది ఇది. ఎలా కూడినా ఐదో ఆకుకి రెండు పాయింట్లు తగ్గాయి. నీ గదిలో మనిషి ఉన్నట్టు రాస్తే అక్కడికి బయటి గాలి తెచ్చే గొట్టం వేయాలి. దానికి నేలలో దిగి ఉన్న పాత రాతిగోడ తొలవాలి. పాత గోడ చెడగొట్టినందుకు ఒక పాయింటు పోతుంది, గొట్టానికి తిరిగే మిషను కరెంటుకి ఇంకొకటి. వెంటిలేటర్లు అలాగే వదిలేద్దామంటే బిగింపు పరీక్షే పోతుంది. పదిహేను రోజులు కూర్చున్నాను. ఒక సాయంత్రం నీ ఉత్తరం మళ్ళీ చదువుతుంటే పేజీ అక్కడ ఆగింది. నేను తిప్పలేదు. అంతే అక్కా, పేజీ తిప్పలేదు.

నాలుగాకులే వచ్చుంటే ఏం జరిగేదో ఆలోచించావా? భవనమే ఉండేది కాదు. నీ గది ఉండేది కాదు, సీసాలు చెత్తబండి ఎక్కేవి. నిన్ను ఎక్కడో పారేసేవాళ్ళు. నలభై మంది పిల్లలు ఆ ల్యాబులో హాయిగా చదువుకుంటున్నారని నువ్వే రాశావు. ఒక్క గది ఇచ్చి మొత్తం భవనాన్ని దక్కించుకున్నాను. తర్వాత మెల్లగా నీ గది సరిచేద్దామనుకున్నాను. నీ ఊపిరి ఇలా అవుతుందని నిజంగా అనుకోలేదు. ఆ మాట రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

పోయిన వారం మండలివాళ్ళు పై అంతస్తుల్లో గాలి కొలిచి వెళ్ళారు. ఐదూ వచ్చేశాయి. డిసెంబరు పదహారున ఫంక్షను. అదయ్యాక నన్ను డైరెక్టరు చేస్తామన్నారు. ఇప్పుడు తప్పు రాశానని చెబితే ఈ ఒక్క ఫైలే కాదు, నేను సంతకం పెట్టిన ప్రతి ఫైలూ తిరగతోడతారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది అంటారు కదా. ఈ నెలన్నర ఓపిక పట్టు. మంచి మాస్కు పంపుతున్నాను. గంటకోసారి బయటికొచ్చి తిరుగు.

తమ్ముడు


జంతుశాస్త్ర భవనం, సీసాల గది
నవంబరు 8

తమ్ముడూ,

మాస్కు వచ్చింది. ఫార్మలిన్‌కి పనికొచ్చేది కాదు, దుమ్ముకి పెట్టుకునేది. మీ బావ గుడ్డల మీద సుద్ద గీతలు దులిపేటప్పుడు పెట్టుకుంటున్నాడు.

భవనాన్ని కాపాడావు, కాదనను. కానీ ఆ మాట మార్చిలోనే వచ్చి నాతో చెప్పి ఉంటే, "అక్కా, నీ గది పోతుంది, భవనం నిలుస్తుంది, ఏం చేద్దాం" అని అడిగి ఉంటే, నేనే గది ఖాళీ చేసి ఇచ్చేదాన్ని. సీసాలు మెట్ల కింద పెట్టుకుని అయినా బతికేదాన్ని. నువ్వు అడగలేదు. నా చేతిరాతతోనే నన్ను కొట్టేశావు. నాకు దగ్గు కంటే అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

ఇప్పుడు భవనాన్ని ఎవరూ కూల్చరు, అంత ఖర్చు పెట్టి బాగుచేసుకున్నాక. పోతే ఒక ఆకు పోతుంది. కాబట్టి సవరణ రాసి పంపు, నాలుగో పేజీ జతచెయ్యి. అది నీ ఫంక్షనుకి ముందే వెళ్ళాలి. ముందు పంపితే నా కోసం పంపినట్టు. తర్వాత పంపితే నీ నిద్ర కోసం పంపినట్టు. తేడా నీకు తెలుసు.

లైటు ఆరింది. ఉంటాను.

అక్క


ఆఫీసు
డిసెంబరు 20

అక్కా,

సవరణ పంపేశాను. నాలుగో పేజీ జతచేశాను. నీ మాట నిలబెట్టాను, ఇప్పుడు గుండె తేలికగా ఉంది.

ఫంక్షను బాగా జరిగింది. వేదిక మీద నీ గురించే మాట్లాడాను. మా అక్క ఆ భవనంలో పనిచేస్తుంది, నేను చదువుకున్నదీ అక్కడే, ఒక రకంగా ఇది మా ఇంటికి చేసుకున్న మరమ్మతు అన్నాను. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నువ్వుంటే బాగుండుననిపించింది.

మండలి మీ యూనివర్సిటీని సంజాయిషీ అడుగుతుంది. ఆ తర్వాత నీ గదికి గాలి గొట్టం వేయక తప్పదు. రెండు నెలల్లో అయిపోతుంది. నన్ను కోప్పడు, తిట్టు, కానీ మాట్లాడకుండా ఉండకు. నా ఫోను ఎత్తనన్నావని బావ చెప్పాడు. ఊపిరి ఎలా ఉంది?

తమ్ముడు


జంతుశాస్త్ర భవనం, ముందు హాలు
ఫిబ్రవరి 2

తమ్ముడూ,

దగ్గు తగ్గింది. అడిగావు కాబట్టి ముందు అదే చెప్తున్నాను. పోయిన వారం ఊదితే డెబ్బై ఒకటి వచ్చింది. ఇంతకంటే పైకి రాకపోవచ్చని డాక్టరు అన్నాడు.

నీ సవరణ కాపీ ఇంజినీరు చూపించాడు. పైన తేదీ ఉంది. డిసెంబరు పదిహేడు. నీ ఉత్తరంలో అన్నీ రాశావు, చప్పట్లు కూడా రాశావు, తేదీ ఒక్కటీ రాయలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని విన్నాను కానీ, ఐదు ఆకులూ పట్టుకున్నాక ఎదుటివాళ్ళ చేతులు చూసేవాణ్ణి ఇప్పుడే చూశాను.

మండలి సంజాయిషీ అడిగిన మాట నిజమే. నువ్వనుకున్నట్టు గొట్టం వేయలేదు. గోడ తొలవడం కంటే మనిషిని తీసేయడం తేలిక కదా. జనవరి ఒకటి నుంచి ఆ గదిలో ఏ ఉద్యోగీ పనిచేయడం లేదని జవాబు రాశారు. డిసెంబరు ముప్పై ఒకటిన నాకు బదిలీ కాగితం ఇచ్చారు. మండలివాళ్ళు సరేనన్నారు. నీ మొదటి ఫైలు ఇప్పుడు అక్షరాలా నిజం. తప్పు దిద్దడమంటే ఇదేనని నాకు తెలీదు.

మనిషి లేకపోతే సీసాలు నింపేదెవరు? ఎండిపోతే కుళ్ళుతాయి. కాబట్టి వాటినీ తీసేశారు. రెండు వందల పద్నాలుగు సీసాలు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకుపోయే కంపెనీవాళ్ళు వచ్చి, నీలం డబ్బాల్లో ఫార్మలిన్ వంపుకుని, జంతువుల్ని సంచుల్లో వేసుకుని, సీసాలు పగలగొట్టి వేరే పెట్టెలో నింపుకుని వెళ్ళారు. నేను పక్కన నిలబడి లేబుళ్ళు మాత్రం ఇమ్మన్నాను. అవి కూడా మందులో తడిసినవే, ఇవ్వకూడదన్నారు. పర్యావరణానికి హాని లేకుండా వదిలించినందుకు మీ రేటింగులో ఒక పాయింటు ఉంటుందట, దానికి దరఖాస్తు పెడుతున్నామని ఇంజినీరు చెప్పాడు. పాపం, నన్ను సంతోషపెట్టడానికే చెప్పాడు. ఆ రోజు ఇంటికి పోయి మీ బావ ముందు ఏడ్చాను. పెళ్ళయ్యాక ఆయన నా ఏడుపు చూడడం అదే మొదలు. మిషను ఆపి, నా జాకెట్టు గుండీ ఊడిందని అది కుడుతూ కూర్చున్నాడు.

ఇప్పుడు నా ఉద్యోగం ముందు హాల్లో. గోడకి ఐదు ఇత్తడి ఆకులున్న పలక బిగించారు. దాని కింద బల్ల, బల్ల వెనక నేను. వచ్చినవాళ్ళకి ఈ భవనం ఎలా గాలి పీలుస్తుందో, ఎంత కరెంటు మిగులుస్తుందో చెప్పాలి. చదవడానికి కార్డు ఇచ్చారు. "లోపల ఉండే ప్రతి ఒక్కరి ఆరోగ్యమే మా మొదటి ప్రాధాన్యం" అని మొదలవుతుంది. మొదటిరోజు ఆ వాక్యం దగ్గర దగ్గొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. మీ ఫైలులో రాసుకున్నట్టే ఇక్కడ గాలి చాలా బాగుంటుంది.

మార్చి తొమ్మిదిన మీ కంపెనీవాళ్ళూ మండలివాళ్ళూ భవనం చూడడానికి వస్తున్నారట. జాబితా నా బల్ల మీదే ఉంది. డైరెక్టరు హోదాలో నీ పేరు రెండోది. రా. రావద్దని అనను. అందరికీ చెప్పినట్టే నీకూ చెప్తాను. కార్డులో ఉన్నది ఉన్నట్టు చదువుతాను, ఒక్క ముక్క కలపను, తీయను. నలుగురి ముందూ అక్కా అని పిలవకు, పలకను. బావ దగ్గరికి కావాలంటే వెళ్ళు, ఆయన మనసు మెత్తన. నేను ఇంట్లో ఉండని వేళ చూసుకుని వెళ్ళు.

అమ్మ నిన్ను నా ఒళ్ళో పెట్టిన రోజు నుంచి నిన్ను నువ్వు అనే పిలిచాను. ఈ ఉత్తరంతో అది అయిపోయింది. మార్చి తొమ్మిదిన నువ్వు గుమ్మంలోకి రాగానే "మీరు ఇటు రండి" అనాలి కదా, తడబడకూడదని రోజూ హాలు ఖాళీగా ఉన్నప్పుడు అని చూసుకుంటున్నాను. మొదట్లో నోరు తిరగలేదు. ఇప్పుడు తిరుగుతోంది.

ఇట్లు,
స్వాగత సహాయకురాలు,
జంతుశాస్త్ర భవనం